ఫిన్నిష్‌లో ప్రశ్న అడగాలంటే మన 'ఆ' చాలు

మా చిన్నమ్మ కొడుకు చదువుకోడానికి ఫిన్లాండ్ పోయాడు. వాడికి తోడుగా ఉంటుందని, నిజం చెప్పాలంటే వాడికంటే ముందే నేర్చేసుకుని వాణ్ణి ఏడిపిద్దామని, అనంతపురంలో కూర్చుని నేనూ ఫిన్నిష్ మొదలుపెట్టా. రెండు నెలలు ప్రశ్నల దగ్గరే ఇరుక్కుపోయా. తప్పు భాషది కాదు, నాది. అంతా ఇంగ్లీషులోంచి నేర్చుకుంటూ, "డూ యూ"లో ఉండే ఆ "డూ"ని ఫిన్నిష్‌లో ఏమంటారా అని వెతుకుతూ కూర్చున్నా. దానికి అక్కడ మాటే లేదు. ఇంకోసారి ఆన్‌లైన్ క్లాసులో "సిన్యా తులెత్" అని, అంటే "నువ్వు వస్తావు" అని, చివర గొంతు పైకి లేపి అన్నా, ప్రశ్న అయిపోతుందిలే అనుకుని. టీచరమ్మ "యో" (అవును) అని తలూపి ఊరుకుంది. నేనేదో చెప్పాననుకుంది గానీ అడిగానని అనుకోలేదు. ఫిన్నిష్‌లో మామూలుగా ప్రశ్నకు గొంతు లేపరు, మాట ఎట్లా చెప్తారో అట్లే చివరికి దించేస్తారు. ప్రశ్న అని తెలియాలంటే మాటకు తోక తగిలించాలి.

ఆ తోక పేరు "కొ". మన "ఆ" ఏ పని చేస్తుందో అదీ అదే పని చేస్తుంది. వస్తావు, వస్తావా. తులెత్, తులెత్‌కొ. అంతే.

ముందుకు పోయే ముందు పలికే సంగతి. ఎ, ఒ పొట్టివీ పొడుగువీ మనకున్నాయి, ఒత్తులున్నాయి కాబట్టి సగం బరువు తగ్గినట్టే. తులి అంటే నిప్పు, తూలి అంటే గాలి, తుల్లి అంటే కస్టమ్స్, ఈ మూడూ ఇంగ్లీషువాళ్లకు ఒకేలా వినిపిస్తాయేమో గానీ మనకు కాదు. కొత్తవి మూడే అచ్చులు. నేను "్యా" అని రాసిన చోట బ్యాంకులో వచ్చే శబ్దం, కాకపోతే పొట్టిగా. "్యొ" అని రాసిన చోట నోట్లో "ఎ" అనుకుంటూ పెదాలు మాత్రం "ఒ" లాగా గుండ్రంగా పెట్టాలి. "్యు" అంటే నోట్లో "ఇ", పెదాలు "ఉ". అద్దం ముందు నాలుగు రోజులు చేస్తే వచ్చేస్తుంది, ఇంట్లోవాళ్లు నవ్వితే నవ్వనీండి. ఇంకొకటి, ఎప్పుడూ మాటలో మొదటి అక్షరం మీదే ఊనిక.

ఈ తోక రెండు రకాలు, కొ, క్యొ. మాటలో అ, ఒ, ఉ (పొట్టివైనా పొడుగువైనా) ఎక్కడైనా ఉంటే కొ. అవేవీ లేకుండా ఎ, ఇ, లేదా పైన చెప్పిన మూడు కొత్త అచ్చులు మాత్రమే ఉంటే క్యొ. తులెత్‌లో ఉ ఉంది, కాబట్టి తులెత్‌కొ. మెనెత్ (నువ్వు పోతావు) అంతా ఎ మయం, కాబట్టి మెనెత్‌క్యొ. ఇదేదో వింత అనుకోవద్దు, మనం పులికి అంటాం, చెట్టుకు అంటాం, ఎవరూ నేర్పకుండానే ముందున్న అచ్చును బట్టి కి, కు మార్చేస్తాం. కోస్తావాళ్లు "కడపకి" అన్నప్పుడు మన చెవికి ఎట్లా గుచ్చుకుంటుందో, "మెనెత్‌కొ" అంటే ఫిన్లాండ్ వాళ్లకూ అట్లే గుచ్చుకుంటుంది, కాకపోతే అర్థం మాత్రం అవుతుంది, టెన్షన్ పడొద్దు.

ఇక అసలు కిటుకు. మన "ఆ" క్రియకే కాదు, ఏ మాటకైనా అంటుకుంటుంది కదా, వీళ్లదీ అంతే. ఒకే ఒక్క తేడా, తోక తగిలిన మాట వాక్యం మొదటికి వచ్చేయాలి. మనం ఎక్కడున్నదాన్ని అక్కడే ఉంచి "ఆ" తగిలిస్తాం, వీళ్లు దాన్ని లాక్కొచ్చి ముందు కూర్చోబెడతారు. చూడండి:

మెనెత్‌క్యొ హువొమెన్న కర్నూలీన్? (రేపు కర్నూలుకు పోతావా?)
హువొమెన్నకొ మెనెత్ కర్నూలీన్? (కర్నూలుకు పోయేది రేపా?)
కర్నూలీంకొ మెనెత్ హువొమెన్న? (రేపు పోయేది కర్నూలుకా?)
సిన్యాక్యొ మెనెత్ హువొమెన్న కర్నూలీన్? (రేపు కర్నూలుకు పోయేది నువ్వా?)

ఈ నాలుగు వాక్యాలూ ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి, ఇంకేమీ చదవకపోయినా పర్లేదు. మొదటిది మామూలు ప్రశ్న, మిగతా మూడింట్లో ఏ మాట మీద అనుమానముందో దానికి తోక. ఇంగ్లీషులో అయితే దీనికి గొంతు నొక్కి చెప్పాలి, లేదా "ఇజ్ ఇట్ యూ హూ" అని చుట్టు తిరగాలి. మనకు ఆ తిప్పలు లేవు.

1856లో కాల్డ్వెల్ దొర ద్రావిడ భాషల వ్యాకరణం రాస్తూ, ఫిన్నిష్ లాంటి భాషలతో మన భాషలకు పోలికలున్నాయని అన్నాడు. ఆ చుట్టరికాన్ని ఇప్పటి భాషాశాస్త్రం ఒప్పుకోదు, ఫిన్నిష్‌ది ఎస్టోనియన్, హంగేరియన్‌లతో కలిసి ఉరాలిక్ కుటుంబం. అయినా నేర్చుకునేటప్పుడు నాకు కాల్డ్వెల్ పాపం అంత తప్పేమీ అనలేదే అనిపిస్తుంటుంది.

జవాబు చెప్పడంలోనూ అదే సుఖం. "వస్తావా?" అంటే మనం "అవును" అనం, "వస్తా" అంటాం. వాళ్లూ అంతే. తులెత్‌కొ? తులెన్. కాదంటే ఎన్, లేదా పూర్తిగా ఎన్ తులె. అవును అనడానికి యో, క్యుల్ల్యా ఉన్నాయి గానీ క్రియను తిరిగి చెప్పడమే సహజంగా ఉంటుంది. వ్యతిరేకం గురించి కూడా ఇక్కడే చెప్పేస్తా. మన "కాను, కావు, కాదు" లాగా వాళ్ల "కాదు" కూడా మనిషిని బట్టి మారుతుంది: ఎన్ (నేను), ఎత్ (నువ్వు), ఎయ్ (అతను, ఆమె). ప్రశ్నలో తోక దానికే తగులుతుంది, క్రియకు కాదు. ఎత్‌క్యొ తులె? అంటే రావా? "ఎయ్‌క్యొ నీన్?" అని చివర పెడితే అచ్చం మన "కదా?". "నీంక్యొ?" అంటే "అట్లనా?", నీన్ అంటే అట్ల, క్యొ అంటే ఆ. ఎదుటివాళ్లు పది నిమిషాలు ఏదేదో చెప్తుంటే మధ్యమధ్యలో నీంక్యొ, నీంక్యొ అంటూ ఉంటే చాలు, మీకు బాగా వచ్చు అనుకుంటారు.

ఇంగ్లీషు "హావ్" లాంటి క్రియ వాళ్లకు లేదు, మనకూ లేదు. "నీకు టైముందా?" అనేదాన్ని ఉన్నదున్నట్టు మార్చేయొచ్చు: ఒంకొ సినుల్ల అయ్‌కా? ఒన్ అంటే ఉంది, ఒంకొ అంటే ఉందా, సినుల్ల అంటే నీ దగ్గర, నీకు. జవాబు "ఒన్", ఉంది. ఆకలి కూడా ఇట్లే, ఒంకొ సినుల్ల న్యాల్క్యా? "తిన్నావా?" అనడానికి స్యొయిత్‌క్యొ యొ? (ఆ యొ పొట్టిది, అంటే అప్పుడే, ఇప్పటికే అని.) కాకపోతే మనలాగా కనపడినవాళ్లందరినీ తిన్నావా అని పలకరించకండి, భోజనానికి పిలుస్తున్నారనుకుంటారు. పలకరింపుకు "మిత్యా కూలూ?" ఉంది, మాటకు మాట చెప్తే "ఏం వినిపిస్తోంది?" అని. "వాన పడుతోందా?" అనడానికి ఒక్క మాటే, సతాకొ? అనంతపురంలో దీన్ని ప్రాక్టీసు చేసే అవకాశం ఏడాదికి ఎన్నిసార్లు వస్తుందో మీకే తెలుసు.

ఇప్పుడు ఎవరు, ఏమి, ఎక్కడ. మనవి ఎ, ఏలతో మొదలైతే వాళ్లవి దాదాపు అన్నీ మ, కలతో. కుక ఎవరు, మిక్యా ఏది, మిల్లొయిన్ ఎప్పుడు, మితెన్ ఎట్లా, మిక్సి ఎందుకు (మన వంటింటి మిక్సీనే, చివర పొట్టిగా). వీటికి కొ తగిలించకూడదు, మనం "ఎప్పుడు వస్తావా" అనం కదా. ఇంకో ముఖ్యమైన సంగతి, ఇక్కడ క్రియను ముందుకు లాగే పని లేదు. మిస్స్యా సిన్యా అసుత్? ఎక్కడ నువ్వు ఉంటావు, అదే వరస. ఇంగ్లీషు అలవాటుతో సిన్యాను అసుత్ వెనక్కి నెట్టారంటే చెవికి తేడా కొడుతుంది. సిన్యాను మొత్తానికే వదిలేసి "మిస్స్యా అసుత్?" అన్నా సరిపోతుంది, క్రియ చివర ఆ "త్" ఉంది కదా నువ్వు అని చెప్పడానికి, మన "ఉంటావు"లో "వు" లాగా.

ఫిన్నిష్‌లో 15 విభక్తులున్నాయని చెప్పి అందరూ భయపెడతారు. ప్రశ్నలకు మొదట మూడు చాలు. మిస్స్యా యాడ, మిస్త్యా యాడ్నుంచి, మిహిన్ యాడికి. తాడిపత్రి బస్సులో కండక్టరు "యాడికి?" అంటే "యాడికి" అని టికెట్ తీసుకునే ఊరు మనకుంది కాబట్టి మిహిన్ మర్చిపోయే ఛాన్సే లేదు. ఇవే తోకలు ఊరి పేర్లకూ వస్తాయి. ఒలెత్‌కొ అనంతపురిస్త? అంటే అనంతపురం నుంచా నువ్వు? అసుత్‌కొ కడపస్స? అంటే కడపలో ఉంటావా? మిస్స్యా, మిస్త్యాల్లో చివర ్యా వచ్చింది, ఊరి పేర్లలో అ ఉంది కాబట్టి అ వచ్చింది, మళ్లీ ఆ పులికి-చెట్టుకు గొడవే.

ధర అడగడానికి పల్‌యొంకొ త్యామ్యా మక్సా? (ఇది ఎంత?). లెక్కపెట్టేవాటికి మొంతకొ, అంటే ఎన్ని. ఈ రెండింట్లో కొ ముందే కలిసిపోయి ఉంది, మళ్లీ తగిలించొద్దు.

కాఫీనా టీనా అని అడిగేటప్పుడు మనం రెండింటికీ "ఆ" పెడతాం, వాళ్లు తోకను క్రియకు పెట్టి మధ్యలో "వయ్" వేస్తారు: ఒతత్‌కొ కహ్విఅ వయ్ తేత్యా? మామూలు వాక్యంలో "లేదా" అనడానికి తయ్, ప్రశ్నలో ఏదో ఒకటి తేల్చుకోమన్నప్పుడు వయ్. దీని దగ్గర నేను ఇప్పటికీ తప్పు చేస్తుంటా.

మర్యాద సంగతి. "ప్లీజ్"కు సరిపోయే మాట లేదు, క్రియలోనే మర్యాద పెడతారు. సయిసింకొ కహ్విన్? అంటే నాకో కాఫీ ఇస్తారా అన్నట్టు, వొయిసిత్‌కొ అవుత్తా? అంటే కాస్త సాయం చేయగలవా. మీరు అనడానికి తే ఉంది గానీ టీచరునైనా పై ఆఫీసరునైనా సిన్యా అనే అంటారు. నాకు మొదట్లో నోరు రాలేదు, పెద్దామెను పట్టుకుని నువ్వు అనడమేంటని. ఆమెకు మాత్రం ఏమీ అనిపించలేదు.

"వస్తాడో లేదో తెలీదు" అనేదానికి కూడా ఇదే తోక. ఎన్ తియెద్యా, తులేకొ హ్యాన్. మనం అక్కడ "ఆ"ను "ఓ"గా మారుస్తాం, వాళ్లు అదీ మార్చరు. హ్యాన్ అంటే అతనైనా ఆమైనా ఒకటే. కొంచెం ధైర్యం వచ్చాక కొ మీద ఇంకో తోక "హన్" కూడా పెట్టి చూడండి, తులేకొహన్ హ్యాన్? అంటే "వస్తాడంటావా?" అని తనలో తను అనుకున్నట్టు.

మాట్లాడేటప్పుడు ఇవన్నీ నలిగిపోతాయి, పుస్తకంలో "వస్తున్నావా" అని ఉంటే మనం "వస్తాండావా" అన్నట్టు. ఒంకొ కాస్తా ఒంక్స్ అవుతుంది, తులెత్‌కొ సిన్యా కాస్తా తూత్‌సా అనో తూక్‌సా అనో వినిపిస్తుంది (ఆ "సా" కూడా బ్యాంకు శబ్దమే). మీరు పుస్తకంలోదే అనండి, వాళ్లు అన్నది గుర్తుపడితే చాలు.

మాట తెలియనప్పుడు అడగడానికి ఒకటి: మిత్యా ఫలానా ఒన్ సువొమెక్సి? ఫలానాదాన్ని ఫిన్నిష్‌లో ఏమంటారు అని. ఇది నేర్చుకున్న రోజే టీచరమ్మను "మిత్యా ఉగ్గాని ఒన్ సువొమెక్సి?" అని అడిగా. ఆమె ఉగ్గాని అంటే ఏమిటని అడిగింది, బొరుగులు నానబెట్టడం దగ్గర్నుంచి పప్పుల పొడి దాకా నాకొచ్చిన ముక్కలతో పావుగంట చెప్పా, అంతా విని "ఉగ్గాని" అనే రాసుకుంది.