ల్యాబ్ సబ్మిషన్ ముందు: స్పైస్‌లో (సర్క్యూట్‌ని కంప్యూటర్‌లో పరీక్షించే ప్రోగ్రామ్) డీసీ అనాలిసిస్ రన్ చేసేవాళ్లకు జాగ్రత్తలు

మెగా ఓమ్‌కి ఉత్త "ఎం" కొట్టకండి. స్పైస్‌కి చిన్న ఎం అయినా పెద్ద ఎం అయినా మిల్లీయే. "ఎం, ఈ, జీ" మూడక్షరాలూ ఉండాలి. లేకపోతే ఎర్రర్ రాదు, తప్పు జవాబు వస్తుంది, అదే అసలు ప్రమాదం. 12 వోల్టుల సప్లై, పైన 470కె, కింద 1ఎం రెసిస్టర్లు పెట్టి, మాస్‌ఫెట్ (ఒక రకం ట్రాన్సిస్టర్) గేట్ దగ్గర 8.16 వోల్టులు రావాల్సింది సున్నా చూపిస్తుంటే దాని మోడల్‌ని రెండు గంటలు తిట్టుకున్నాను.

గ్రౌండ్ సింబల్ ఉందా? నోడ్ అంటే వైర్లు కలిసే చోటు, గ్రౌండే నోడ్ 0. అది లేకపోతే వోల్టేజీ దేంతో పోల్చాలో స్పైస్‌కి తెలీదు.

"సింగ్యులర్ మ్యాట్రిక్స్" అని ఎర్రర్ వస్తే ముందు కెపాసిటర్లు చూడండి. డీసీలో అవి ఓపెన్. రెండు కెపాసిటర్ల మధ్య చిక్కుకున్న నోడ్‌కి గ్రౌండ్ దారి ఉండదు; అక్కడినుంచి 1 గిగా ఓమ్ రెసిస్టర్ గ్రౌండ్‌కి వేస్తే సరి.

ఇండక్టర్ డీసీలో షార్ట్. వోల్టేజి సోర్స్‌కి అడ్డంగా నేరుగా పెడితే గొడవే, చిన్న సిరీస్ రెసిస్టెన్స్ ఇవ్వండి.

కన్వర్జ్ కాకపోతే, అంటే లెక్క ఒక జవాబు దగ్గర కుదురుకోకపోతే, అందరూ రెల్‌టాల్ (జవాబులో ఎంత తేడా ఒప్పుకోవాలో చెప్పే సెట్టింగ్) మీద పడతారు. డిఫాల్ట్ 0.001 అలాగే ఉంచండి, వదులు చేస్తే జవాబు నాణ్యతే పోతుంది. లాచ్, ఆసిలేటర్ లాంటివాటికి నోడ్‌సెట్ అనే కమాండ్‌తో, లెక్క మొదలుపెట్టడానికి మీరు ఊహించిన వోల్టేజి ఇచ్చి చూడండి. చాలాసార్లు అదే చాలు.

ఆప్‌ఆంప్ (యాంప్లిఫయర్ చిప్) సప్లై పిన్నులు కలిపారో లేదో కూడా ఓసారి చూడండి. నవ్వకండి, ఏటా ఎవరో ఒకరు వదిలేస్తారు.