పైకప్పు లేచే పాత మెటాడోర్ – నాలుగో పాఠం: నీళ్లు ఏడికెళ్లి కారుతున్నయ్?

పండుకునేటందుకు ఫైబర్ కప్పు పైకి లేచే మెటాడోర్ వ్యాన్‌ను బాగు చేసుకునే పాఠాలివి. పోయిన పాఠంల ఆ కప్పును లేపి పట్టే గ్యాస్ రాడ్లు మార్చుడు చూసినం, రెండూ ఒకేసారి మార్చాలె, కప్పు మూసి ఉన్నప్పుడు సన్న కడ్డీ కిందికి ఉండాలె, అట్లుంటే లోపలి ఆయిల్ సీలు దగ్గరికి దిగి దాన్ని ఎండనియ్యదు. ఆ పని ఇంకా కానోళ్లు కట్టె పోటు పెట్టకుండ కప్పు కింద తలకాయ పెట్టొద్దు, ఈ మాట ప్రతి పాఠంల చెప్తనే ఉంట.

ఇగ ఈసారి రబ్బరు బీడింగు, అంటే కప్పు మూసినప్పుడు నీళ్లు రాకుండ అంచు చుట్టూ అతికిచ్చే రబ్బరు పట్టీ. రోహిణి ఎండలకు రోళ్లు పగులుతయంటరు, మన నల్లగొండ ఎండకు రోళ్లే పగిలితే ఇగ రబ్బరెంత. మిరుగం వానలు పడకముందే ఈ పని చేసుకోవాలె, వాన మొదలైనంక ఫైబర్ ఎప్పటికీ తడిగనే ఉంటది, గమ్ము పట్టదు.

అందరు చేసే తప్పు ఏందంటే నీళ్లు కారంగనే సిలికాన్ ట్యూబు తెచ్చి చుట్టూ పూసుడు. నేను గూడ పూసిన. మన్ననూరు దాటి అడవి రోడ్డుల పోతుంటే వాన పట్టుకున్నది, పరుపు తడిసింది, పిల్లలు రాత్రంత ముందు సీట్లల్ల కూసొని పండుకున్నరు. ఇంటికొచ్చి చూస్తే నేను పూసిన జాగ ఒకటి, నీళ్లొచ్చే జాగ ఇంకోటి. అందుకే ముందు జాగ పట్టుకోవాలె, ట్యూబు తర్వాత.

ముందుగాల ఒకటి తేల్చుకోండ్రి. తెల్లారి లేవంగనే కప్పు లోపల సన్నసన్న చుక్కలుంటే అది కారుడు కాదు, రాత్రి పండుకున్నోళ్ల ఊపిరి చల్లటి ఫైబర్‌కు తగిలి నీళ్లయితది, కిటికీ జర తీసి పెట్టుకుంటే తగ్గుతది. ఒక్క దిక్కే మరక పడి, అది కిందికి గీతలెక్క జారితే అది కారుడు.

ఇప్పుడు సుద్దముక్క తీస్కోండ్రి, బడిల రాసే మామూలు సుద్ద. కప్పు లేపి, బాడీ అంచు వచ్చి రబ్బరుకు ఆనే జాగ మీద చుట్టూ మందంగ రుద్దండ్రి. కప్పు మెల్లగ దించి లాకులు వెయ్యండ్రి, ఒక నిమిషం ఆగి మళ్ల లేపండ్రి. రబ్బరు మీద తెల్ల గీత ఎట్ల పడ్డదో వేలు పెట్టి చుట్టూ చూసుకుంట పోండ్రి. గీత వెడల్పుగ ఉన్నకాడ మంచిగ ఒత్తుతున్నట్టు, దారమంత సన్నగ ఉన్నకాడ రబ్బరు చచ్చినట్టు, గీతే లేకుంటే అక్కడ సందు ఉన్నట్టే. నా బండికి డ్రైవర్ దిక్కు వెనక మూలకు జానెడు జాగల గీతే పడలే, నేను సిలికాన్ పూసిందేమో ముందు దిక్కు.

తర్వాత నీళ్ల పైపు. లోపల ఒకరు టార్చి పట్టుకొని కూసోవాలె, బయట ఒకరు నీళ్లు పట్టాలె, కింద అంచు కాడ మొదలువెట్టి పైకి పోవాలె, ఒక్కో జాగల ఐదు నిమిషాలు. పైనుంచి మొదలువెడితే నీళ్లు అంతటా జారి ఏది కారిందో తెల్వది.

కొత్త బీడింగు పెట్టేటప్పుడు పాతదాని ముక్క కోసుకొని దుకాణానికి పట్కపోండ్రి, ఆ మందమే, ఆ ఆకారమే కావాలె. పాత గమ్ము మధ్యాహ్నం ఎండల మెత్తబడ్తది, అప్పుడు ప్లాస్టిక్ ముక్కతో గీకితే లేస్తది, థిన్నర్ పొయ్యొద్దు, పెయింట్ లేచిపోతది. అతికించేటప్పుడు రబ్బరును గుంజొద్దు. నాకు ఒక షాపుల గుంజి గుంజి అతికిచ్చిన్రు, ఆ రోజు చూడ బాగనే ఉండె, రెండు నెలలకు అది మళ్ల ముడుచుకొని మూలకు రెండు వేళ్ల సందు పడ్డది. ఒక్క ముక్కే వాడాలె, అతుకు మూలకు రావొద్దు, వెనక దిక్కు మధ్యల పెట్టాలె, ఓ వేలెడు ఎక్కువ కోసి లోపలికి ఒత్తుకుంట అతికించాలె. రబ్బరుకు గ్రీజు, డీజిల్ తగలనియ్యొద్దు, ఉబ్బి పాడైతది, నెలకొకసారి సిలికాన్ స్ప్రే గుడ్డ మీద కొట్టి తుడిస్తే చాలు.

ఫైబర్ పగులు కనపడ్తే పగులు కొసకు మూడు ఎంఎం బిట్టుతో ఒక బొక్క వెయ్యండ్రి, అక్కడికెళ్లి ముందుకు పోదు. తర్వాత పగులు మీద మ్యాట్, అంటే ఫైబర్ గుడ్డ, పెట్టి రెజిన్ జిగురుతోని తడపాలె. ఈ రెజిన్ పని పొద్దుగాల చల్లగున్నప్పుడే చెయ్యాలె, 100 గ్రాముల రెజిన్‌కు మన ఎండకు హార్డనర్, అంటే దాన్ని గట్టిపరిచే మందు, 1 గ్రాము చాలు, ఎక్కువైతే మ్యాట్ తడవకముందే డబ్బాలనే గట్టిపడ్తది. రెజిన్ తొందరగ గట్టిపడేటందుకు కలిపే కోబాల్ట్ మందు విడిగ ఇచ్చిన్రంటే అది ముందు రెజిన్‌ల పూర్తిగ కలిపినంకనే హార్డనర్ పొయ్యాలె. కోబాల్ట్, హార్డనర్ రెండూ నేరుగ కలిస్తే మంట లేస్తది, పేలుతది. ఒకే గిన్నె, ఒకే చెంచా రెంటికీ వాడొద్దు, సీసాలు గూడ పక్కపక్కన పెట్టొద్దు, పిల్లలున్న ఇంట్ల అసలే ఉంచొద్దు.

అంత అయినంక మళ్ల సుద్ద, మళ్ల పైపు. లోపల ఒక్క చుక్క పడకుంటే కప్పు లేపి రోజంత ఎండనియ్యండ్రి, లేచిన కప్పు చుట్టూ గోడలెక్క ఉండే గుడ్డను తడిగనే మడిచి మూసిన్రంటే బూజు పడ్తది. వచ్చే పాఠం ఆ గుడ్డ కుట్టుడే, పాలిస్టర్ దారం, 18 నంబరు సూది తెచ్చి పెట్టుకోండ్రి.