ఆటోమేటిక్ కారు గేర్ లివర్ మొరాయిస్తే ఎక్కడ వెతకాలి

పాత ఆటోమేటిక్ కారులో లివర్ కదలకపోయినా, కదిలి గేరు పడకపోయినా చాలామంది గేర్‌బాక్సే పోయిందనుకుంటారు. లివర్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఒక కేబుల్, దాని రెండు చివర్లా కేబుల్ కొసను పట్టి ఉంచే ప్లాస్టిక్ బుష్‌లు, ఒకట్రెండు స్విచ్‌లు, కరెంటు అందగానే కదిలి లివర్ తాళం తీసే ఒక సోలినాయిడ్ ఉంటాయి. ముందు వాటి సంగతి తేల్చాలి. ఇక్కడ చెప్పేది కేబుల్‌తో నడిచే లివర్ గురించే.

కారును చదునైన నేల మీద ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకు ముందూ వెనకా అడ్డు పెట్టండి. కిందికి దూరాల్సి వస్తే స్టాండ్లు వేయాల్సిందే, జాకీ ఒక్కదాన్నే నమ్మకూడదు.

లివర్ పార్క్ నుంచి రావడం లేదా? ఇగ్నిషన్ ఆన్ చేసి బ్రేక్ తొక్కండి, వెనక బ్రేక్ లైట్లు వెలుగుతున్నాయేమో ఇంకొకరిని చూడమనండి. ఒక్కటీ వెలగకపోతే అనుమానం ఫ్యూజు మీదా, పెడల్ పైన ఉండే బ్రేక్ స్విచ్ మీదా పెట్టుకోవాలి. బల్బులన్నీ ఒకేసారి పోవడం అరుదు. చాలా కార్లలో లివర్‌ను పార్క్‌లో పట్టి ఉంచే తాళం తీసే సంకేతం కూడా ఆ స్విచ్ నుంచే వస్తుంది.

లైట్లు వెలుగుతుంటే లివర్ అడుగున చెవి పెట్టండి. బ్రేక్ తొక్కగానే ‘టక్’మని వినిపించాలి. వినిపించకపోతే లివర్ చుట్టూ ఉండే కన్సోల్ విప్పి సోలినాయిడ్ కనెక్టర్ దగ్గర మల్టీమీటర్ పెట్టండి. బ్రేక్ తొక్కినప్పుడు సుమారు 12 వోల్టులు వస్తున్నా సోలినాయిడ్ కదలడం లేదంటే అదే పోయింది. కరెంటే రాకపోతే వైరు, ఫ్యూజు, కంట్రోల్ వైపు చూడాలి. చప్పుడు వస్తున్నా లివర్ రాదంటే లోపల ఏదో అడ్డుపడినట్టు. నాణెం, విరిగిన బటన్ ముక్క, ఎప్పుడో ఒలికి జిగురులా గట్టిపడిన టీ, ఏదైనా కావచ్చు. దారిలో ఇరుక్కుపోతే లివర్ పక్కన చిన్న మూత కింద షిఫ్ట్ లాక్ రిలీజ్, అంటే ఆ తాళాన్ని చేత్తో విప్పే మీట, ఉందేమో చూడండి. బ్రేక్ తొక్కే ఉంచి, దాన్ని స్క్రూడ్రైవర్‌తో నొక్కుతూ లివర్ లాగాలి.

వాలులో ఆపినప్పుడు మాత్రమే బిగుసుకుంటే అది చెడిపోవడం కాదు, బండి బరువంతా పార్కింగ్ పాల్ అనే చిన్న కొక్కెం మీద పడుతోంది. ఇకపై బ్రేక్ తొక్కి న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, కాలు తీసి బండి నిలిచాక మళ్లీ బ్రేక్ తొక్కి పార్క్‌లో పెట్టండి.

లివర్ వెన్నలా కదులుతూ గేరు మాత్రం మారకపోతే అసలు ప్రమాదం అక్కడుంది. బుష్ వేడికి ఎండి పగిలితే కేబుల్ కొస ఊడిపోతుంది. లివర్ పార్క్ చూపిస్తుంటే గేర్‌బాక్స్ న్యూట్రల్‌లోనో రివర్స్‌లోనో ఉండిపోవచ్చు, బండి దొర్లిపోవచ్చు. ఇంజిన్ ఆపి, ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచి, ఒకరు లివర్ కదుపుతుంటే ఇంకొకరు గేర్‌బాక్స్ మీద కేబుల్ తగిలించి ఉండే ఆర్మ్ చూడాలి. కేబుల్ కదిలి ఆర్మ్ కదలకపోతే అక్కడి బుష్ పోయింది. అసలు కేబులే కదలకపోతే లివర్ వైపు ఊడింది, లేదా లోపల తెగింది. వైరుతో కట్టి నెట్టుకురావద్దు. కొత్త బుష్ పడేదాకా బండి కదలకూడదు.

పార్క్‌లో స్టార్ట్ కాక న్యూట్రల్‌లో మాత్రం స్టార్టయితే, బ్రేక్ తొక్కి ఉంచి పార్క్‌లోనే లివర్‌ను కొంచెం ముందుకు నొక్కిపట్టి తాళం తిప్పండి. స్టార్టయితే కేబుల్ సర్దుబాటు తప్పినట్టు, లేదా గేర్‌బాక్స్ ఏ గేరులో ఉందో చెప్పే రేంజ్ స్విచ్ కదిలినట్టు. సర్దేటప్పుడు ఆర్మ్‌నూ లివర్‌నూ ఒకే గేరులో పెట్టి నట్టు బిగించాలి. అది పార్క్‌లోనా, న్యూట్రల్‌లోనా అన్నది ఆ మోడల్ మాన్యువల్ చెబుతుంది. రివర్స్ లైటు కూడా చాలా కార్లలో ఇదే స్విచ్‌తో వెలుగుతుంది కాబట్టి, రివర్స్ వేసినా వెలగకపోతే అనుమానం స్విచ్ మీదికే బలంగా వెళుతుంది.

ఆర్మ్ ప్రతి గేరులోనూ సరిగ్గా కూర్చుంటూ ఉండి, డ్రైవ్ వేశాక బండి రెండు మూడు సెకన్లు ఆగి కుదుపుతో అందుకుంటే, అప్పుడు లివర్‌ను వదిలి గేర్‌బాక్స్ ఆయిల్ చూడండి. మాన్యువల్ చెప్పిన వేడిలో, చెప్పిన గేరులో కొలవాలి. తక్కువైనా ఇబ్బందే, ఎక్కువై నురగ కట్టినా ఇబ్బందే. నల్లబడి కాలిన వాసన వస్తుంటే గేర్‌బాక్స్ లోపలి క్లచ్ ప్లేట్లు అరుగుతున్నాయన్నమాట, కేబుల్ ఎంత సర్దినా గేరు సరిగ్గా అందుకోదు.