ఇన్‌బాక్స్‌లో చెత్త మెయిళ్లను ఎలా వదిలించుకోవాలి?

గుంటూరు బ్రాడీపేటలో మా వీధివారికీ, బంధువులకూ మెయిల్ ఖాతాలు శుభ్రం చేసిపెట్టడం కొన్నేళ్లుగా నా పనుల్లో ఒకటైపోయింది. ఎవరి ఖాతా తెరిచినా ఒకే తప్పు కనిపిస్తుంది. రోజూ పొద్దున్నే కూర్చుని ఇరవై మెయిళ్లను ఏరి తొలగిస్తారు; మర్నాటికి మరో ఇరవై సిద్ధంగా ఉంటాయి. ఇది తుంగను కొడవలితో కోసినట్లు ఉంటుంది. పైన చదునుగా కనిపించినా దుంప భూమిలోనే ఉంటుంది. తొలగిస్తే ఆ మెయిల్ మీ కంటికి కనిపించకుండా పోతుందే తప్ప, అది చెత్త అన్న సంగతి మెయిల్ సేవకు తెలియదు.

మా వైపు ఎక్కువమంది వాడేది జీమెయిల్ కనుక ఆ ఖాతానే దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఈ పనికి కావలసినవి ఒక కంప్యూటరు, ఒక గంట తీరిక. ఫోనులో చేయకూడదు. వేలితో ఒక్కొక్క మెయిలూ ఎంచుకుంటూ పోతే సగంలోనే విసుగొస్తుంది, పంపినవారి పూర్తి చిరునామా కూడా వెంటనే కనిపించదు. ఆదివారం ఉదయం, కాఫీ తాగిన తరువాత మొదలుపెట్టడం సరైన పద్ధతి.

ముందుగా పాత కుప్పను తీసివేయాలి. ప్రకటనల మెయిళ్లు చేరే ప్రమోషన్స్ విభాగం తెరిచి, పైన ఎడమవైపున్న చిన్న గడిని నొక్కితే ఆ పేజీలోని మెయిళ్లు మాత్రమే ఎంపికవుతాయి. ఆ విభాగంలోని మెయిళ్లన్నింటినీ ఎంచుకోమనే మరో వరుస అక్కడే పైన కనిపిస్తుంది, దానిని కూడా నొక్కి తొలగించాలి. రైలు టిక్కెట్లు, బీమా రసీదులు అక్కడ చేరి ఉంటే ముందే ప్రైమరీ విభాగానికి మార్చుకోవాలి. పొరపాటు జరిగినా చెత్తబుట్టలో 30 రోజుల పాటు ఉంటాయి కనుక కంగారు అవసరం లేదు. ఉచితంగా దొరికే 15 జీబీ స్థలాన్ని మెయిళ్లు, డ్రైవ్, ఫొటోలు కలిసి పంచుకుంటాయి. అది నిండిపోతే కొత్త మెయిళ్లు రావడమే ఆగిపోతుంది.

ఇక అసలైన పని, అందరూ చెడగొట్టే పని, మిగిలిన మెయిళ్లలో దేనికి ‘అన్‌సబ్‌స్క్రైబ్’ (ఇకమీదట పంపవద్దని చెప్పడం) నొక్కాలో, దేనిని స్పామ్‌గా, అంటే చెత్తగా, ఫిర్యాదు చేయాలో తేల్చుకోవడం. ఈ రెండూ ఒకటే అనుకునేవారు చాలామంది ఉన్నారు. కావు. మీరు ఎప్పుడో, ఎక్కడో మీ చేతులతో చిరునామా ఇచ్చిన సంస్థ నుంచి వచ్చే మెయిల్ చెత్త కాదు, అక్కరలేనిది మాత్రమే. దానికి అన్‌సబ్‌స్క్రైబ్ సరిపోతుంది. మీకు ఏ సంబంధమూ లేనివారు పంపిన దానికి మాత్రం ‘రిపోర్ట్ స్పామ్’ ఒక్కటే మందు.

అన్‌సబ్‌స్క్రైబ్ కూడా ఎక్కడ నొక్కుతున్నారన్నది ముఖ్యం. మెయిల్ పైభాగంలో, పంపినవారి పేరు పక్కన జీమెయిలే చూపించే మాటను నొక్కాలి. జీమెయిల్ చిరునామాలకు రోజుకు 5,000కు మించి మెయిళ్లు పంపే సంస్థలు ఒక్క నొక్కుతో వైదొలగే వీలు కల్పించాలని, అలా కోరినవారిని రెండు రోజుల్లో జాబితా నుంచి తీసివేయాలని గూగుల్ 2024లో నిబంధన పెట్టింది. తెలియనివారి మెయిల్ అడుగున సన్నటి అక్షరాలతో ఉండే లింకును ముట్టుకోరాదు. దానిని నొక్కితే ఈ చిరునామా వెనుక ఒక మనిషి ఉన్నాడని అవతలివారికి మీరే రూఢి చేసినట్లవుతుంది. విజయవాడ పటమటలో ఉండే మా మేనమామ ఇలాగే ఒక బహుమతి మెయిల్ అడుగున లింకు నొక్కారు. తెరుచుకున్న పేజీ మెయిల్ చిరునామా, పాస్‌వర్డు అడిగింది; ఆయన నింపారు. సాయంత్రానికి ఖాతా ఆయన చేతిలో లేదు. ఖాతాకు ఆయన ఫోను నంబరు జతచేసి ఉండబట్టి మరునాటికి తిరిగి దక్కింది. మెయిళ్లు ఆపడానికి మీ మెయిల్ ఖాతా పాస్‌వర్డుతో ఏ సంస్థకూ పని లేదు.

పంపినది ఎవరో తెలుసుకోవడానికి పైన కనిపించే పేరును నమ్మకూడదు, ఆ పేరు ఎవరైనా ఎలాగైనా పెట్టుకోవచ్చు. పేరు కింద ఉన్న చిన్న బాణం గుర్తును నొక్కితే పూర్తి చిరునామాతో పాటు ‘మెయిల్డ్ బై’, ‘సైన్డ్ బై’ అనే వరుసలు కనిపిస్తాయి. యాట్ గుర్తు తరువాతి భాగాన్ని కుడి చివర నుంచి వెనక్కి చదవాలి. ఎడమ నుంచి చదివితే ముందు బ్యాంకు పేరు కనిపించి మనసు కుదుటపడుతుంది, మోసమంతా చివరన ఉంటుంది. ఆదాయపు పన్ను శాఖ వెబ్‌సైటు పేరు ‘జీఓవీ డాట్ ఇన్’తో ముగుస్తుంది. బ్యాంకులన్నీ తమ వెబ్‌సైట్లను 2025 అక్టోబరు 31లోగా ‘బ్యాంక్ డాట్ ఇన్’ అనే చివర గల పేర్లకు మార్చాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది కనుక, బ్యాంకు పేరుతో వచ్చిన మెయిల్ మరెక్కడికో తీసుకుపోతుంటే అక్కడే ఆగిపోవాలి. ఇటువంటి వాటికి స్పామ్ కాక, మూడు చుక్కల జాబితాలో ఉన్న ‘రిపోర్ట్ ఫిషింగ్’ (వివరాలు కాజేసే మోసపు మెయిల్ అని ఫిర్యాదు) నొక్కాలి. డబ్బు పోయి ఉంటే ఒక్క నిమిషమూ ఆలస్యం చేయకుండా సైబరు మోసాల ఫిర్యాదు నంబరు 1930కు ఫోను చేయాలి.

దీనికి వ్యతిరేకమైన తప్పు కూడా ఉంది. విసుగు పుట్టి, కనిపించినదల్లా స్పామ్ చేయడం. మా పిన్ని బీమా సంస్థ పంపే శుభాకాంక్షలకు చిరాకుపడి వాటిని స్పామ్ చేసింది. తరువాత ప్రీమియం గడువు గుర్తుచేసే మెయిల్ కూడా నేరుగా అక్కడికే పోయింది, పాలసీ ఆగిపోయింది. స్పామ్‌లోనివి 30 రోజుల తరువాత వాటంతట అవే తొలగిపోతాయి కనుక వారానికొకసారి ఆ ఫోల్డరును చూడక తప్పదు. మంచి మెయిల్ కనిపిస్తే ‘నాట్ స్పామ్’ నొక్కాలి. బ్యాంకు, బీమా, పిల్లల కాలేజీ చిరునామాలకు ఫిల్టరు (వచ్చే మెయిల్‌ను ఏం చేయాలో జీమెయిల్‌కు ముందే చెప్పే ఏర్పాటు) పెట్టి, ‘నెవర్ సెండ్ ఇట్ టు స్పామ్’ ఎంచుకోవడం ఇంకా మేలు.

బ్లాక్ చేస్తే సరిపోదా అని అడుగుతుంటారు. వేధించే మనిషికి అది పనికొస్తుంది. రోజుకొక చిరునామాతో వచ్చేవారిని బ్లాక్ చేస్తూ పోవడం దోమలకు పేర్లు పెట్టడం వంటిది. ఇన్‌బాక్స్‌ను శుభ్రం చేస్తామనే ఉచిత యాప్‌ల జోలికి అసలే పోవద్దు. అవి పనిచేయాలంటే మీ మెయిళ్లన్నీ చదివే అనుమతి ఇవ్వాలి. ఇల్లు ఊడ్చే నెపంతో వచ్చినవారికి బీరువా తాళాలు ఎవరూ ఇవ్వరు కదా.

ఇకమీదట దుకాణాలలో బిల్లు కోసం మెయిల్ అడిగితే, మీ పేరు తరువాత కూడిక గుర్తు, ఆ తరువాత దుకాణానికి ఒక చిన్న మాట చేర్చి ఇవ్వండి. కొన్ని వెబ్‌సైట్లు ఆ గుర్తును ఒప్పుకోకపోయినా, జీమెయిల్ మాత్రం ఆ చిరునామాకు వచ్చినవన్నీ మీకే చేరుస్తుంది. విజయవాడ బీసెంటు రోడ్డులోని ఒక బట్టల దుకాణంలో నేను ‘చీర’ అనే మాట చేర్చి ఇచ్చాను. మూడు నెలలకు అదే చిరునామాకు అప్పులిస్తామనే మెయిళ్లు మొదలయ్యాయి. ‘చీర’తో వచ్చేవన్నీ నేరుగా చెత్తబుట్టకు పోయేలా ఒక ఫిల్టరు పెట్టాను, నాలుగేళ్లుగా వాటిలో ఒక్కటీ నా ఇన్‌బాక్స్‌లోకి రాలేదు.