నీలి వెలుగు ఇరిడియం సంక్లిష్టాలు – 4వ పాఠం: ఫ్లోరిన్ ఎక్కడ కూర్చోవాలి?

పోయిన పాఠం అభ్యాసానికి మీరు పంపిన లిగాండ్ల (లోహాన్ని పట్టుకునే అణువుల) బొమ్మల్లో సగానికి పైగా ఫ్లోరిన్ పిరిడీన్ వలయం మీద ఉంది. తప్పు నాదే. ‘ఫ్లోరిన్ చేరిస్తే నీలం వస్తుంది’ అని ఒక్క ముక్కలో తేల్చేశాను. కార్బీన్ లిగాండ్లను వచ్చే పాఠానికి వాయిదా వేసి, ముందు ఈ చిక్కు విప్పుకుందాం.

మూడు ఫినైల్‌పిరిడీన్లు (ఫినైల్, పిరిడీన్ వలయాలు జతకలిసిన లిగాండ్లు) ఉన్న ఇరిడియం సంక్లిష్టం సుమారు 510 నానోమీటర్ల దగ్గర ఆకుపచ్చగా వెలుగుతుంది. దాని హోమో (ఎలక్ట్రాన్లున్న అన్నిటికన్నా పై కక్ష్య) ఇరిడియం మీద, ఫినైల్ మీద పరచుకుని ఉంటుంది. లూమో (ఖాళీగా ఉన్న అన్నిటికన్నా కింది కక్ష్య) ప్రధానంగా పిరిడీన్ మీద. ఈ రెంటి మధ్య అంతరం పెరిగేకొద్దీ వెలుగు నీలం వైపు జరుగుతుంది. ఫ్లోరిన్ తాను కూర్చున్న చోటి స్థాయిని కిందికి దించుతుంది. ఫినైల్ మీదైతే హోమో దిగి అంతరం పెరుగుతుంది. పిరిడీన్ మీదైతే లూమో దిగి, ఉన్న అంతరమూ తగ్గుతుంది.

ఫినైల్ మీదే పెట్టినవారు అప్పుడే సంతోషించకండి. నాకు చిరాకు తెప్పించేది అక్కడే. ఇరిడియం పట్టుకున్న కార్బన్‌ను ఎర్ర పెన్సిల్‌తో చుట్టండి, అది ఒకటి. పిరిడీన్ తగిలిన కార్బన్ రెండు. ఫ్లోరిన్ చోటు మూడు, అయిదు; అంటే మెటా. నాలుగో చోట, అంటే పారాలో, ఫ్లోరిన్ బంధం గుండా లాగిన ఎలక్ట్రాన్లను తన ఒంటరి జంటతో దాదాపు తిరిగి ఇచ్చేస్తుంది. హామెట్ స్థిరాంకాలు (ఒక సమూహం ఎలక్ట్రాన్లను ఎంత లాగుతుందో చెప్పే అంకెలు) చూడండి: మెటాకు 0.34, పారాకు 0.06. పేర్లను నమ్ముకుంటే మాత్రం మునిగినట్టే. ఫిర్‌పిక్ అనే పేరున్న నీలి ఇరిడియం సంక్లిష్టంలోని ఇదే లిగాండ్‌ను ఒకచోట 2,4-డైఫ్లోరో అని, మరోచోట 4,6-డైఫ్లోరో అని రాస్తారు. లెక్క ఏ వైపు నుంచి మొదలుపెట్టారన్నదే తేడా. అందుకే నేను పేరు చదవను, బొమ్మే గీస్తాను.

ఫిర్‌పిక్ ఆ రెండు ఫ్లోరిన్లతో సుమారు 470 నానోమీటర్లకు చేరింది. అది ఇంకా ఆకాశనీలమే. మూడో ఫ్లోరిన్ జోలికి నేను వెళ్లను. వెలుగునిచ్చే పరికరం (ఓఎల్‌ఈడీ) నడుస్తుండగా కార్బన్–ఫ్లోరిన్ బంధాలు తెగే బెడద ఉంది. దానికి బదులు పిరిడీన్ నైట్రోజన్‌కు పారాలో మెథాక్సీ పెట్టి లూమోను పైకి నెట్టడం నాకు ఇష్టం.

అభ్యాసం: 460 నానోమీటర్లకు ఎన్ని ఎలక్ట్రాన్ వోల్టులు? (1240ని భాగించండి.) తర్వాత ఫ్లోరిన్ ఒక్కటీ లేకుండా అక్కడికి చేరగలదనిపించే లిగాండ్లు మూడు గీసి, ఒక్కోదాని ట్రిప్లెట్ శక్తిని (వెలుగు వెలువడే ఉత్తేజిత స్థితి శక్తిని) గణించండి. హోమో–లూమో అంతరాన్నే ట్రిప్లెట్ శక్తిగా రాసి పంపితే మళ్లీ చేయిస్తాను.