ఫ్రేమ్ వచ్చింది, పార్టులు కుదరడం లేదు: మౌంటెన్ బైక్ బిల్డులో సమస్యలు, పరిష్కారాలు

మొన్న మే నెలలో గుంటూరు బ్రాడీపేటలో మా పిన్ని కొడుకు ఇంటి వరండాలో నాలుగు అట్టపెట్టెలు విప్పుకుని కూర్చున్నాం. ఒకదాంట్లో ఫ్రేమ్, ఒకదాంట్లో ఫోర్క్, మిగతా రెండింట్లో చక్రాలు, గేర్ల సామాను. ఏడాదిగా డబ్బు దాచుకుని ఒక్కొక్కటీ తెప్పించాడు. హెడ్‌సెట్ కప్పులు, అంటే ఫ్రేమ్ మెడలో (ముందు గొట్టంలో) ఫోర్క్ తిరిగే బేరింగులకి పెట్టే కప్పులు, దించాం. ఫోర్క్ కాడని కింద నుంచి ఫ్రేమ్ మెడలోకి ఎక్కిస్తే ముప్పావు వంతు వెళ్లి, కింది బేరింగ్ దగ్గర ఆగిపోయింది. "అన్నయ్యా, ఫ్రేమూ 29, ఫోర్కూ 29 అని చూసే కొన్నాను కదా!" అన్నాడు. వాడి ముఖం చూస్తే నాకు బాధేసింది.

29 అనేది చక్రం సైజు. అది తప్ప ఫ్రేమ్ గురించి ఇంకో ఆరు సంగతులు తెలియాలి: మెడ లోపలి వ్యాసం, వెనక ఇరుసు వెడల్పు, బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు తిరిగే బేరింగ్) రకం, సీటు రాడ్డు మందం, బ్రేకు బిగించే తీరు, ఎంత ట్రావెల్ (ఫోర్క్ కుంగే దూరం) ఉన్న ఫోర్కుకి ఆ ఫ్రేమ్ చేశారు అన్నది. ఈ ఆరూ కాగితం మీద రాసుకోకుండా మిగతా ఏ పార్టుకీ డబ్బు కట్టొద్దు. విజయవాడ, గుంటూరుల్లో బిల్డ్ చేసుకుంటున్న పిల్లలు నా దగ్గరికి తెచ్చే సమస్యల్లో చాలావరకు బిగించేటప్పుడు వచ్చినవి కావు, కొనేటప్పుడే వచ్చినవి.

ఫోర్క్ ఫ్రేమ్ మెడలో కూర్చోవడం లేదు

ఫోర్క్ కాడలు ముఖ్యంగా రెండు రకాలు. పాత రకం పై నుంచి కింది దాకా ఒకటే మందం, 28.6 మి.మీ. ఇప్పుడొచ్చే మంచి ఫోర్కులు దాదాపు అన్నీ టేపర్డ్, అంటే పైన 28.6, కిందికి వచ్చేసరికి అంగుళంన్నర. అందుకే ఫ్రేమ్ మెడని పైనా కిందా రెండు చోట్లా కొలవాలి. స్కేలు పనికిరాదు, వెర్నియర్ కావాలి.

రెండు వైపులా 34 మి.మీ. వస్తే ఆ ఫ్రేముకి తిన్నని కాడ ఉన్న ఫోర్కే గతి. టేపర్డ్ ఎక్కే దారి లేదు. రెండు వైపులా 44 వస్తే మీకు అదృష్టం ఉన్నట్టే: కింది కప్పు గొట్టం లోపల కాకుండా బయట ఉండే రకం తెప్పిస్తే టేపర్డ్ ఫోర్క్ హాయిగా ఎక్కుతుంది. మా తమ్ముడిది ఇదే. వాడు రెండు వైపులా లోపలికి కూర్చునే కప్పులు కొన్నాడు. ఒక్క కింది కప్పు మార్చాం, ఫోర్క్ కూర్చుంది. బయటి కప్పు వల్ల ముందు భాగం సుమారు 12 మి.మీ. ఎత్తు పెరుగుతుంది, స్టెమ్ (హ్యాండిల్‌ని పట్టుకునే ముక్క) కింద స్పేసర్ రింగు ఒకటి తీసేస్తే సరిపోయింది. పైన 44, కింద 56 ఉంటే అది టేపర్డ్ కోసమే చేసిన మెడ. దానికి పాత తిన్నని ఫోర్క్ పెట్టాలన్నా కింద తగ్గింపు రింగు వేసి పెట్టుకోవచ్చు.

కొన్ని ఫ్రేములకి అసలు కప్పులే ఉండవు, బేరింగ్ నేరుగా మెడలో కూర్చుంటుంది. అలాంటప్పుడు బేరింగ్ మీద చెక్కిన అంకెలు చదవండి. 36 ఇంటు 45 అనో, 45 ఇంటు 45 అనో కోణాలు ఉంటాయి. వ్యాసం సరిపోయి కోణం తేడా వస్తే కూర్చున్నట్టే కనిపిస్తుంది, వారం తిరిగేసరికి వదులవుతుంది.

ఇంకో మాట. ఫోర్క్ పూర్తిగా కుదిరి, స్టెమ్ పెట్టి చూసుకుని, రెండు రోజులు తొక్కాకే కాడని కోయించండి. కోసిన కాడ మళ్లీ పెరగదు.

వెనక చక్రం దిగడం లేదు, లేదా దిగి అటూ ఇటూ ఊగుతోంది

పాత ఫ్రేముల్లో వెనక ఇరుసు వెడల్పు 135 మి.మీ., క్విక్ రిలీజ్ (లివర్‌తో బిగించే సన్న ఇరుసు), డ్రాపౌట్ (ఇరుసు కూర్చునే గాడి) కింద తెరిచి ఉంటుంది. ఆ తర్వాత 12 మి.మీ. లావు ఇరుసు అడ్డంగా దూర్చే 142 వచ్చింది, ఆ మీదట బూస్ట్ పేరుతో 148. 142 హబ్బుని (చక్రం మధ్య భాగాన్ని) 148 ఫ్రేములో పెట్టడానికి పక్కకి 3 మి.మీ. చొప్పున సర్దే కిట్లు ఉన్నాయి. బ్రేకు డిస్క్ కింద కూడా అదే మందం స్పేసర్ వేయాలి, లేకపోతే ప్యాడ్లు ఉండే కాలిపర్ అందదు. 148 హబ్బు 142 ఫ్రేములో పట్టదు, పట్టించే ప్రయత్నమూ చేయొద్దు. స్టీలు ఫ్రేమైతే అనుభవం ఉన్న మేస్త్రి కొద్దిగా వెడల్పు చేయగలడు. అల్యూమినియం వంచితే అప్పుడు కాకపోయినా తర్వాత విరుగుతుంది.

ఇరుసు మరలు కూడా ఒకటే కాదు. 12 మి.మీ. ఇరుసుల్లో 1.0, 1.5, 1.75 మూడు రకాల మరలు ఉన్నాయి. రెండు చుట్లు తిరిగి బిగుసుకుపోతే పానాతో బలవంతం చేయకండి, మర పోతే ఫ్రేమ్ పోయినట్టే. ఫ్రేముతో పాటే దాని ఇరుసూ అడిగి తీసుకోవడం మంచిది.

కొత్త కాసెట్ చక్రానికి ఎక్కడం లేదు

కాసెట్ అంటే వెనక చక్రం మీద ఎక్కించే పళ్లచక్రాల గుత్తి. మీ చక్రానికి అది పడుతుందో లేదో తెలియడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. చక్రాన్ని చేత్తో పట్టుకుని పళ్లచక్రాల్ని వెనక్కి తిప్పండి. మధ్యలో టూల్ పెట్టే గాడులు కూడా పళ్లతో పాటు తిరిగితే అది కాసెట్. గాడులు కదలకుండా పళ్లు మాత్రం తిరిగితే అది హబ్బుకి మరతో బిగించే పాత ఫ్రీవీల్. మన దగ్గర తక్కువ ధరకి దొరికే చాలా సైకిళ్లలో ఉండేది రెండోదే. ఆ హబ్బుకి కాసెట్ పట్టదు, చక్రమే మార్చాలి.

కాసెట్ హబ్బే అయినా కాసెట్ కూర్చునే బాడీ మూడు రకాలు. 8, 9, 10 స్పీడ్‌లూ (అంటే వెనక అన్ని పళ్లచక్రాలు), షిమానో కంపెనీ మౌంటెన్ 11 స్పీడూ పాత హెచ్‌జీ బాడీ మీద ఎక్కుతాయి. చిన్న పళ్లచక్రం 10 పళ్లతో మొదలైతే షిమానోకి మైక్రో స్ప్లైన్, శ్రామ్‌కి ఎక్స్‌డీ బాడీ కావాలి. శ్రామ్‌లోనే 11తో మొదలై 50 దాకా పోయే 12 స్పీడ్ కాసెట్ హెచ్‌జీ మీద ఎక్కుతుంది. పాత చక్రం ఉంచుకుని 12 స్పీడ్ కావాలనుకునేవాళ్లకి నేను చెప్పేది అదే.

గేర్లు ఒకటి నొక్కితే రెండు దూకుతున్నాయి

ముందు హ్యాంగర్ చూడండి. బైకు కుడివైపు పడితే డెరైలర్‌ని (చైన్‌ని ఒక పళ్లచక్రం నుంచి ఇంకోదానికి జరిపే భాగాన్ని) పట్టుకునే ఆ చిన్న ముక్క వంగుతుంది. వెనక నుంచి చూస్తే డెరైలర్‌లోని రెండు చిన్న చక్రాలూ పళ్లచక్రాలకి సమాంతరంగా ఉండాలి. 8 స్పీడ్ కొంచెం వంపు ఓర్చుకుంటుంది, 12 స్పీడ్ ఓర్చుకోదు. గేజ్ ఉన్నవాళ్ల దగ్గర సరిచేయించండి. ఫ్రేమ్ కొనేటప్పుడు శ్రామ్ 2019లో తెచ్చిన యూడీహెచ్ రకం హ్యాంగర్ ఉన్నది దొరికితే అదే తీసుకోండి, ఎందుకంటే చాలా కంపెనీల ఫ్రేములకి ఆ ఒక్క ముక్కే సరిపోతుంది. లేదంటే మీ ఫ్రేమ్ హ్యాంగర్లు రెండు ముందే తెప్పించి ఇంట్లో పెట్టుకోండి.

హ్యాంగర్ బాగుంటే తర్వాత షిఫ్టర్‌కీ (హ్యాండిల్ మీది గేరు మీటకీ) డెరైలర్‌కీ జత కుదిరిందా అని చూడాలి. శ్రామ్ షిఫ్టర్, షిమానో డెరైలర్ కలిపితే ఒక్కో నొక్కుకి లాగే కేబుల్ పొడవు వేరు, ఎంత సర్దినా కుదరదు. షిమానోలోనే మౌంటెన్ 9 స్పీడ్‌కీ 10 స్పీడ్‌కీ ఆ లెక్క వేరు. షిఫ్టర్, డెరైలర్ ఒకే కంపెనీవి, ఒకే స్పీడువి కొనండి. చైన్, కాసెట్ మాత్రం కాస్త అటూ ఇటూ అయినా నడుస్తాయి.

తొక్కుతుంటే కిర్రుమంటోంది

ఈ సమస్య మీద నేను గడిపినంత సేపు వేరే దేని మీదా గడపలేదు. శబ్దం ఫ్రేమ్ గొట్టాల్లో ప్రయాణిస్తుంది కాబట్టి చెవి చెప్పే చోటు నిజం కాకపోవచ్చు. కరకట్ట మీద కాళ్ల దగ్గర వినిపించిన చప్పుడు ఇంటికొచ్చి చూస్తే సీటు బిగింపులో దొరికిన రోజులున్నాయి. అందుకని ఒక్కో భాగం మీద బరువు తీసేసి చూడాలి.

సీటు మీంచి లేచి నిలబడి తొక్కండి. శబ్దం ఆగిపోతే అది సీటుదో, సీటు రాడ్డుదో. రాడ్డు బయటికి తీసి, గొట్టం లోపల గుడ్డతో తుడిస్తే ఎర్ర దుమ్ము వస్తుంది. అల్యూమినియం రాడ్డుకైతే పల్చగా గ్రీజు రాసి మళ్లీ దింపండి. కార్బన్ రాడ్డుకి గ్రీజు వద్దు, దానికి వేరే పేస్టు ఉంటుంది. ఇక్కడే రాడ్డు మందం కూడా చూసుకోండి. 27.2, 30.9, 31.6 ఎక్కువగా వాడే సైజులు. 31.6 ఫ్రేములో 30.9 రాడ్డు పెట్టి క్లాంప్ ఎంత బిగించినా జారుతూ, అరుస్తూనే ఉంటుంది.

నిలబడ్డా శబ్దం వస్తూ, పెడల్ ఒక చుట్టు తిరిగినప్పుడల్లా ఒకసారి వస్తుంటే పెడల్ మరలు, క్రాంక్ (పెడల్ బిగించే చేయి), బాటమ్ బ్రాకెట్ చూడాలి. ముందు పెడళ్లు విప్పి గ్రీజు రాయండి, సగం కేసులు అక్కడే తీరతాయి. ఎడమ పెడల్‌కి ఎదురు మర అని మర్చిపోవద్దు. ఆ తర్వాత షిమానో రకం క్రాంకైతే ఎడమ చేతి రెండు బోల్టులూ 12 నుంచి 14 న్యూటన్ మీటర్లకి బిగించాలి. అంతకంటే ముందు పక్కనున్న ప్లాస్టిక్ మూత వేళ్లతో తిప్పినంతే బిగించాలి.

అప్పటికీ ఆగకపోతే బాటమ్ బ్రాకెట్. మర రకం అంటే బీఎస్‌ఏ అయితే కప్పులు విప్పి, మరలు శుభ్రం చేసి, గ్రీజు రాసి మళ్లీ బిగిస్తే చాలు. కుడివైపు కప్పుకి ఎదురు మర ఉంటుంది. నొక్కి దించే రకం అంటే పీఎఫ్92 లాంటిదైతే కప్పు ఫ్రేములో సూటిగా కూర్చోకపోవడం వల్ల అరుస్తుంది. రెండు కప్పులూ మధ్యలో ఒకదానికొకటి మరతో బిగుసుకునే రకం బాటమ్ బ్రాకెట్ వేస్తే చాలాసార్లు తగ్గుతుంది. కొత్తగా ఫ్రేమ్ ఎంచుకునేవాళ్లు బీఎస్‌ఏ ఉన్నదే తీసుకోండి. మామూలు టూల్స్‌తో ఇంట్లో విప్పి బిగించుకోగలం, అది చిన్న సౌకర్యం కాదు.

ఘాటెక్కుతుంటే ముందు చక్రం తేలిపోతోంది

కొండవీడు ఘాట్ రోడ్డు మలుపుల్లో ఈ ఫిర్యాదు ఎక్కువ వింటాను. 100 మి.మీ. ఫోర్కుకి చేసిన ఫ్రేముకి 140 వేస్తారు, దిగేటప్పుడు బాగుంటుందని. 20 మి.మీ. పెరిగితే హెడ్ యాంగిల్ (ఫ్రేమ్ మెడ కోణం) సుమారు ఒక డిగ్రీ వాలుతుంది. 40 పెరిగితే రెండు డిగ్రీలు వాలి, పెడళ్లు పైకి లేచి, మీ బరువు వెనక్కి పోతుంది. అంతకన్నా భయం ఏమిటంటే, మెడ దగ్గర వెల్డు మీద ఫ్రేమ్ తయారుచేసినవాళ్లు అనుకోని ఒత్తిడి పడుతుంది. ఫ్రేముకి చెప్పిన ట్రావెలే వేయండి. ఫోర్క్ సరిగ్గా ఉండి కూడా తేలుతుంటే సీటుని పట్టాల మీద ఒక సెంటీమీటర్ ముందుకి జరపండి, స్టెమ్ కింది స్పేసర్ ఒకటి పైకి మార్చండి.

ఫ్రేములో వెల్డు దగ్గర సన్నటి గీత కనిపిస్తోంది

గోరుతో గీస్తే గోరు తట్టుకుంటే అది పెయింటు గీత కాదు, పగులు. తొక్కడం ఆపేయండి. మన ఆటోనగర్‌లో లారీ ఛాసిస్ నుంచి ఏదైనా అతికించే పనివాళ్లున్నారు, వాళ్ల చేతి మీద నాకు గౌరవం ఉంది. అయినా 6061 అల్యూమినియం ఫ్రేముని అతికించమని తీసుకెళ్లకండి. ఆ లోహానికి బలం ఫ్యాక్టరీలో వేడిచేసి చల్లార్చే పద్ధతిలో వస్తుంది, వెల్డు వేసిన చోట ఆ బలం పోతుంది. అతుకు అందంగానే ఉంటుంది, దాని పక్కనే విరుగుతుంది. 4130 క్రోమోలీ స్టీలు ఫ్రేమైతే తెలిసినవాళ్ల చేత అతికించవచ్చు. బరువు కాస్త ఎక్కువైనా మొదటి బిల్డుకి స్టీలు మంచిదని నేననడానికి ఇదొక కారణం. తేమకి తుప్పు పట్టకుండా గొట్టాల లోపల నూనె పట్టించడం మాత్రం మానొద్దు.

బ్రేకు అరుస్తోంది, లేదా లివర్ మెత్తగా లోపలికి పోతోంది

అరుపు ఎక్కువగా చైన్ ఆయిల్ ప్యాడ్ మీద పడినందువల్ల. డిస్క్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి, ప్యాడ్‌ని గరుకు కాగితం మీద రుద్దండి. నూనె లోపలికి ఇంకితే ప్యాడ్ మార్చడమే. లివర్ మెత్తబడితే లోపల గాలి చేరింది, బ్లీడ్ చేయాలి, అంటే ఆ గాలి బయటికి తీయాలి. షిమానోకి మినరల్ ఆయిల్, శ్రామ్‌లో ఎక్కువ వాటికి డాట్ ఫ్లూయిడ్. ఒకదాంట్లో ఇంకొకటి పోస్తే లోపలి రబ్బరు సీళ్లు పాడవుతాయి. లివర్ మూత మీద ఏది రాసుంటే అదే పోయండి.

వారానికో పంక్చర్

కొండపల్లి వైపు తొక్కేవాళ్లకి సర్కారు తుమ్మ ముళ్లు, కృష్ణ కట్ట వెంబడి తొక్కేవాళ్లకి పల్లేరుకాయలు. పల్లేరుకాయ ఏ పక్క పడినా ఒక ముల్లు పైకే చూస్తుంది. ట్యూబ్‌లెస్ చేసి సీలెంట్ (కన్నాలు పూడ్చే ద్రవం) పోస్తే పల్లేరు బెడద దాదాపు తీరిపోతుంది. తుమ్మ ముల్లు లావుగా పక్కగోడలో దిగితే ప్లగ్గు కావాలి. మన ఎండకి సీలెంట్ త్వరగా ఆరిపోతుంది, వేసవిలో నేను ఆరు వారాలకోసారి వాల్వ్ విప్పి చూస్తాను. రిమ్ము కొనేటప్పుడు అది ట్యూబ్‌లెస్‌కి చేసిందో కాదో అడగండి, మామూలు రిమ్ముకి టేపు చుట్టి గాలి నిలబెట్టాలని చూస్తే మలుపులో టైరు ఊడే ప్రమాదం ఉంది.

ట్యూబుతోనే తొక్కేవాళ్లు పంక్చర్ వేశాక టైరు లోపల దూది ముక్కతో చుట్టూ తుడవండి. కంటికి ఆనని ముల్లు మొన మిగిలి ఉంటే దూది అక్కడ పోగులుగా పట్టుకుంటుంది. దాన్ని ముక్కుపానాతో లాగేశాకే కొత్త ట్యూబ్ పెట్టండి.