పాత పీసీలో లినక్స్ మింట్ వేసి విండోస్ గేములు ఆడటం

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. హనుమకొండ, కాజీపేట హాస్టల్ గదుల్లో ఆరో తరం, ఏడో తరం ఇంటెల్ పీసీలు ఇంకా ఉన్నాయి. విండోస్ 11 వాటికి అధికారికంగా రాదు. అంతమాత్రాన అమ్ముకోవాల్సిన పనిలేదు. లినక్స్ మింట్ 22 అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుంటే, విండోస్ కోసమే చేసిన గేముల్లో చాలావరకు వాటి మీదే ఆడొచ్చు. ఆ పని చేసేది ప్రోటాన్. విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపే వైన్‌కు, గ్రాఫిక్స్ పనిని అనువదించే డీఎక్స్‌వీకేను జోడించి, స్టీమ్ గేమ్ స్టోర్ నడిపే వాల్వ్ 2018లో దీన్ని తెచ్చింది. గేమ్ అడిగే డైరెక్ట్‌ఎక్స్ (విండోస్ గ్రాఫిక్స్ భాష) పనిని ఇది వల్కన్ (లినక్స్‌లోనూ నడిచే గ్రాఫిక్స్ భాష)లోకి మార్చి గ్రాఫిక్స్ కార్డుకు అందిస్తుంది. అయితే విండోస్‌ను తుడిచేయకముందే రెండు సంగతులు తేల్చుకోవాలి.

మొదటిది యాంటీ-చీట్, అంటే ఆన్‌లైన్ ఆటల్లో మోసాన్ని పట్టే ప్రోగ్రామ్. దానివల్లే వాలరంట్, ఫోర్ట్‌నైట్, పబ్‌జీ లినక్స్‌లో ఆడలేరు. ఏపెక్స్ లెజెండ్స్ 2024 అక్టోబర్ 31న లినక్స్‌ను ఆపేసింది. జీటీఏ 5 కథ బాగానే నడుస్తుంది కానీ, 2024 సెప్టెంబర్‌లో బ్యాటిల్‌ఐ అనే యాంటీ-చీట్ పెట్టాక ఆన్‌లైన్ పోయింది. అడ్డదారుల జోలికి వెళ్లొద్దు, అకౌంట్ బ్యాన్ అవుతుంది. రోజూ దోస్తులతో వాలరంట్ ఆడేవాళ్లు విండోస్ ఉంచుకోవాల్సిందే. కౌంటర్-స్ట్రైక్ 2, డోటా 2 లకు ఆ బాధ లేదు, వాటికి లినక్స్ వెర్షనే ఉంది. మిగతా గేముల సంగతి ఆడినవాళ్లు రిపోర్టులు రాసే ప్రోటాన్‌డీబీ సైట్‌లో చూడండి. అక్కడ పైన కనిపించే మెడల్ కన్నా, మీలాంటి కార్డు ఉన్నవాళ్లు ఈ మధ్య రాసిన రిపోర్టులే నమ్మదగినవి.

రెండోది గ్రాఫిక్స్ కార్డు. ఎక్కువమంది ఇక్కడే దెబ్బతింటారు. డీఎక్స్‌వీకే 2.0 నుంచి వల్కన్ 1.3 తప్పనిసరి. జీటీఎక్స్ 750 టీఐ, 900, 10 సిరీస్ కార్డులకు ఎన్‌విడియా 580 డ్రైవర్ సరిపోతుంది. వాటికి అదే చివరి డ్రైవర్ వరుస, అంతకన్నా కొత్తది వేస్తే కార్డును గుర్తించదు. ఏఎమ్‌డీ ఆర్ఎక్స్ 470, 570, 580 ఉంటే అసలు డ్రైవర్ వెతికే పనే లేదు, మింట్‌తోనే వస్తుంది. కార్డు లేకుండా ఆరో తరం ఇంటెల్ గ్రాఫిక్స్ మీదైనా పాత గేములు, తేలికపాటివి ఆడొచ్చు. చిక్కంతా జీటీ 710, జీటీ 730 లతోనే. వాటిలో కెప్లర్ అనే పాత తరం చిప్ ఉన్నవి 470 డ్రైవర్ దగ్గరే ఆగిపోయాయి, వల్కన్ 1.3 రాదు. వాటికి పాత వెర్షన్ ప్రోటాన్ 7.0 ఎంచుకుంటే కొన్ని పాత గేములు నడుస్తాయి. జీటీ 730లోనే అంతకన్నా పాత ఫెర్మీ చిప్ ఉన్న రకం ఒకటుంది, దానికి వల్కన్ అసలే లేదు. సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు డబ్బా మీది పేరు చూసి డబ్బులు ఇవ్వకండి, చిప్ ఏదో అడగండి.

ఎన్‌విడియా అయితే మింట్ వేశాక డ్రైవర్ మేనేజర్ తెరిచి, సిఫారసు చేసిన డ్రైవర్ ఎంచుకుని రీస్టార్ట్ చేయాలి. సెక్యూర్ బూట్ (సంతకం లేని సాఫ్ట్‌వేర్‌ను బూట్‌లో ఆపే రక్షణ) ఆన్‌లో ఉంటే ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్‌లో నీలి తెర వస్తే ‘ఎన్‌రోల్ మోక్’ (Enroll MOK) ఎంచుకుని అదే పాస్‌వర్డ్ కొట్టాలి. ఆ తెరను చూడకుండా దాటేస్తే డ్రైవర్ లోడ్ కాదు, గేమ్ తెరుచుకోదు, తెరుచుకున్నా నత్తనడకే. ల్యాప్‌టాప్‌లో రెండు గ్రాఫిక్స్ ఉంటే కింద ట్రేలోని ఎన్‌విడియా గుర్తు నొక్కి పర్ఫార్మెన్స్ మోడ్‌కు మార్చండి. డ్రైవర్ అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే సిస్టమ్ బూట్ కాకపోవచ్చు. యూపీఎస్ లేకపోతే ఆ పని కరెంటు నిలకడగా ఉన్నప్పుడే పెట్టుకోండి.

స్టీమ్‌ను దాని సైట్‌లోని డెబ్ (.deb) ఇన్‌స్టాలర్ ఫైల్‌తో వేయండి. ఫ్లాట్‌ప్యాక్ (మిగతా సిస్టమ్‌కు విడిగా ఉండే ప్యాకేజీ) రకానికి వేరే డిస్కులు చూసే అనుమతి మనమే ఇవ్వాలి, ఊరికే తలనొప్పి. తర్వాత సెట్టింగ్స్‌లో కంపాటబిలిటీకి వెళ్లి, అన్ని గేములకూ స్టీమ్ ప్లే అనే స్విచ్ కనిపిస్తే ఆన్ చేయండి. కొత్త స్టీమ్‌లో అది ముందే ఆన్‌లో ఉంటుంది. ఏదైనా గేమ్ మొండికేస్తే దాని ప్రాపర్టీస్, కంపాటబిలిటీలో ముందు ప్రోటాన్ ఎక్స్‌పెరిమెంటల్, అదీ కుదరకపోతే ఒక పాత వెర్షన్ పెట్టి చూడండి.

విండోస్‌లో దించుకున్న గేములను మళ్లీ డౌన్‌లోడ్ చేసి డేటా కాల్చుకోకండి. ప్రోటాన్‌కు కావాల్సినవీ ఆ విండోస్ ఫైళ్లే. విండోస్ స్టీమ్ ఫోల్డర్‌లో స్టీమ్‌యాప్స్, దానిలో కామన్ ఉంటుంది. గేమ్ ఫోల్డర్‌ను పేరు మార్చకుండా లినక్స్ స్టీమ్‌లోని అదే చోటికి కాపీ చేసి, ఇన్‌స్టాల్ నొక్కండి. స్టీమ్ ఉన్న ఫైళ్లను సరిచూసుకుని, లోటున్నవే దించుకుంటుంది. కాపీ చేసేది మాత్రం ఈఎక్స్‌టీ4 (లినక్స్ ఫార్మాట్) డిస్కులోకే. పాత ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫార్మాట్) డిస్కు మీదే గేమ్ నడపాలని చాలామంది చూస్తారు. ప్రోటాన్ ప్రతి గేమ్‌కూ ఒక ఉత్తుత్తి సీ డ్రైవ్ కడుతుంది. అందులో కోలన్ గుర్తు ఉన్న పేర్లు, లింకులు ఉంటాయి, అవి ఎన్‌టీఎఫ్‌ఎస్‌తో పొసగవు. ప్లే నొక్కగానే క్షణం కనిపించి గేమ్ మాయమైతే ముందు అనుమానించాల్సింది ఈ డిస్కునే. విండోస్‌ను పక్కనే ఉంచుకునేవాళ్లు దాని ఫాస్ట్ స్టార్టప్ (పూర్తిగా ఆగకుండా త్వరగా తెరుచుకునే సెట్టింగ్) ఆపేయాలి, లేకపోతే లినక్స్‌లో ఆ డిస్కు మీద రాయడానికి వీలుండదు.

ఎపిక్, గాగ్ (GOG) స్టోర్ల గేములకు హీరోయిక్ లాంచర్ వేసుకోండి. బ్లిజార్డ్ గేముల బ్యాటిల్‌నెట్‌కు లూట్రిస్ లాంచర్.

మొదటిసారి ఆడబోతే ‘ప్రాసెసింగ్ వల్కన్ షేడర్స్’ అంటూ, బొమ్మలు గీసే చిన్న ప్రోగ్రాములను ముందే సిద్ధం చేస్తూ ఆగుతుంది. నాలుగు కోర్ల ప్రాసెసర్ మీద చాలాసేపు పట్టొచ్చు, జర ఓపిక పట్టండి. స్కిప్ కొడితే ఆటలో కొత్త చోటికి వెళ్లినప్పుడల్లా తెర ఒక్క క్షణం బిగుసుకుంటుంది. ఏప్రిల్, మే ఎండల్లో మాత్రం గేమ్ సెట్టింగ్స్‌లోనే సెకనుకు ఫ్రేములు 60కి, వేడెక్కే ల్యాప్‌టాప్‌లో 40కి కట్టేయండి. కార్డు కాగి తనంతట తానే వేగం తగ్గించుకుంటే వచ్చే కుదుపు కన్నా నిలకడగా 40 రావడమే హాయి.

చెడిపోయిన గేమ్‌ను బాగుచేయడానికి స్టీమ్‌యాప్స్‌లోని కంపాట్‌డేటాలో (ఆ ఉత్తుత్తి సీ డ్రైవ్‌లు ఉండే చోటు) ఆ గేమ్ నంబర్ ఫోల్డర్ తీసేయమని అంతటా చెబుతారు. జీటీఏ 5 పాత ఎడిషన్ నంబర్ 271590. ఆ సలహా సరైందే, కానీ సేవ్ ఫైళ్లు కూడా చాలాసార్లు అందులోనే, స్టీమ్‌యూజర్ పేరుతో ఉన్న ఫోల్డర్ కింద డాక్యుమెంట్స్‌లోనో యాప్‌డేటాలోనో ఉంటాయి. సేవ్‌లను ఆన్‌లైన్‌లో దాచే స్టీమ్ క్లౌడ్ లేని గేమ్ అయితే ముందు వాటిని పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని, ఆ తర్వాతే ఫోల్డర్ తీసేయండి.